పలకలు మోసిన రైళ్లు

మొన్న దసరాకి మా చెల్లెలి కొడుక్కి అక్షరాభ్యాసం పెట్టుకున్నాం. వాడికి నాలుగేళ్లు. బజార్లో ప్లాస్టిక్ పలకలు తప్ప రాతి పలక దొరకలేదని చెల్లెలు మొహం చిన్నబుచ్చుకుంది. అటక మీద నా చిన్నప్పటి పలక ఉండాలని గుర్తొచ్చి నిచ్చెన వేసుకుని ఎక్కాను. పాత ఇత్తడి గంగాళంలో, చీరముక్కలో చుట్టి ఉంది. మార్కాపురం పలక. చెక్క చట్రం ఒకవైపు ఊడిపోయింది, ఒక మూల చిన్న ముక్క ఎగిరిపోయింది. తడిగుడ్డతో తుడిచేసరికి రాయి మాత్రం నల్లగా, నునుపుగా, నిన్న కొన్నట్టే ఉంది.

నేను పలక తుడుస్తుంటే వాడు పక్కన కూర్చుని ఫోన్లో రైలింజన్ల కార్టూన్ చూస్తున్నాడు. థామస్ అనే నీలం ఇంజను కథలు మీ ఇళ్లలో పిల్లలు కూడా చూసే ఉంటారు. అందులో కొండ మీద తిరిగే చిన్న ఎర్ర ఇంజను ఒకటి వచ్చింది. పేరు స్కార్లోయి.

"పెద్దమ్మా, ఈ ఇంజను నిజంగా ఉందా?"

లేదు నాయనా, బొమ్మ అని చెప్పబోయి ఆగాను. మా అబ్బాయి చిన్నప్పుడు ఇదే ప్రశ్న వేస్తే వెతికి చదివిన సంగతి గుర్తొచ్చింది. ఉంది. నిజంగానే ఉంది. అది మోసింది కూడా పలక రాయే.

ఆ రైలు పేరు టాలిలిన్. బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతంలో, సముద్రం ఒడ్డున టవిన్ అనే ఊరి నుంచి కొండల్లోకి పోతుంది. మొత్తం కలిపి పన్నెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. కొండ మీద బ్రిన్ ఎగ్లూయిస్ అనే పలక రాతి గని ఉండేది. మనం నాపరాళ్లు నేలకు పరుచుకుంటాం, వాళ్లు పలక రాతిని పలచగా చీల్చి ఇంటి కప్పుకు పెంకుల్లాగా వాడతారు. ఆ రాతిని కిందికి దించడానికి 1860ల్లో ఈ లైను వేశారు. రెండు పట్టాల మధ్య దూరం 686 మిల్లీమీటర్లు. అంటే మన వంటింటి గట్టు వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. మన నంద్యాల స్టేషన్లో ఇప్పుడున్న పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు.

ఆ గని మీద డబ్బు పెట్టింది ఎవరో తెలిస్తే మన ఊరివాళ్లకు ఆశ్చర్యంగా ఉంటుంది. మాంచెస్టర్ పత్తి మిల్లుల వాళ్లు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయేసరికి, మెక్‌కానెల్ అనే మిల్లుల కుటుంబం ఇంకో వ్యాపారం వెతుక్కుంటూ పలక రాతి మీద పడింది. ఆ యుద్ధం రోజుల్లోనే మన దేశపు పత్తికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. నంద్యాల పత్తి నేల. ఎక్కడో జరిగిన ఒక యుద్ధం ఒకచోట పత్తి ధర పెంచింది, ఇంకోచోట కొండకు పట్టాలు వేయించింది.

ఇప్పుడు మన వైపుకొస్తాను. మార్కాపురం పలక మా ఆళ్లగడ్డ బడికి ఎట్ల వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించామా? ఆళ్లగడ్డకు రైలు లేదు. మాకు రైలంటే నంద్యాలే. నంద్యాల నుంచి తూర్పుకు పోతే గాజులపల్లె, అక్కడి నుంచి నల్లమల ఎక్కి చలమ, దిగువమెట్ట, గిద్దలూరు, కంభం, తర్వాత మార్కాపురం రోడ్డు, దొనకొండ, అట్ల గుంటూరు దాకా. పడమటికి పోతే బేతంచర్ల, డోన్, గుంతకల్లు. మార్కాపురంలో పలక రాయి, బేతంచర్ల పక్కన బలపపు రాయి. పలకా బలపమూ రెండూ ఒకే రైలు దారి మీద పుట్టాయన్నమాట. చిన్నప్పుడు నాకు ఈ సంగతి ఎవరైనా చెప్పుంటే భూగోళం పాఠం మీద ఇంకాస్త ఇష్టం పుట్టేదేమో.

ఈ లైను కరువులోంచి పుట్టింది. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు, బళ్లారి జిల్లాల్లో జనం లెక్కకు అందనంతమంది పోయారు. ఇంకోచోట ధాన్యం ఉన్నా ఎడ్లబండ్ల మీద ఇక్కడికి చేరేలోపల మనుషులు మిగల్లేదు. బండి లాగే ఎడ్లకే మేత లేదు. ఆ తర్వాత వేసిన కరువు కమిషన్ ఇట్లాంటి ప్రాంతాలకు రైళ్లు వేయాలని 1880లో చెప్పింది. 1882లో సదరన్ మహరాటా రైల్వే కంపెనీ ఏర్పడింది. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా కృష్ణా తీరానికి పోయే మన లైను ఆ వరసలో వచ్చిందే. ఖర్చు తగ్గాలని దీన్ని మీటరు గేజిలో వేశారు. పేరులోనే ఉంది, పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు. టాలిలిన్ అంత సన్నం కాదు, ఇప్పటి బ్రాడ్ గేజి అంత వెడల్పూ కాదు. నల్లమలలో మలుపులు తిరగడానికీ, లోయలు దాటడానికీ సన్నపు లైనయితే తక్కువ తవ్వకంతో పోతుంది. చలమ దగ్గర దొరబావి వంతెన ఆ మీటరు గేజి కోసం కట్టిందే.

మా పెద్దనాయన ఈ లైనులో ఫైర్‌మన్. నాయన వాళ్లంతా ఆళ్లగడ్డలో సేద్యం చేసుకుంటుంటే ఆయన ఒక్కడే నంద్యాలకు వచ్చి రైల్వేలో చేరాడు. మా ఇంట్లో ఇంజన్ల గురించి తెలిసిన ఏకైక మనిషి. ఆయన చెప్పిన ఒక లెక్క నాకు బాగా గుర్తుంది. ఇంజను మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి కదా, వాటిలో మొదటి అక్షరం పట్టాల వెడల్పు చెబుతుంది. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, వై అంటే మీటరు గేజి, జెడ్ అంటే రెండున్నర అడుగుల సన్న గేజి, ఎన్ అంటే రెండడుగులది. రెండో అక్షరం పని చెబుతుంది. పీ అంటే ప్యాసింజరు, జీ అంటే గూడ్సు. అంటే వైపీ ప్యాసింజరు లాగే మీటరు గేజి ఇంజను, వైజీ గూడ్సు లాగేది. వైపీకి లాగే చక్రాలు ఆరు, వైజీకి ఎనిమిది. "ఎనిమిది కాళ్లది మొండిది, ఎంత బరువైనా లాగుతాది. ఆరు కాళ్లది పరుగుది" అనేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1949 నుంచి ఈ రెండు రకాలూ దేశమంతా మీటరు గేజి మీదికి వచ్చాయి. మొదట విదేశాల నుంచి వచ్చినా తర్వాత జంషెడ్‌పూర్ టెల్కోలో చాలా తయారయ్యాయి. మన దేశంలో చివరి మీటరు గేజి ఆవిరి ఇంజను 1972లో చిత్తరంజన్ నుంచి బయటికొచ్చింది. అది కూడా వైజీనే.

ఫైర్‌మన్ పని అంటే పొయ్యి చూసుకోవడమే అని మా పెద్దమ్మ ఎగతాళి చేసేది. "నాకు ఇంట్లో పొయ్యి, ఆయనకు రైల్లో పొయ్యి" అని. నిజానికి పెద్ద తేడా లేదంటాడు ఆయన కూడా. బొగ్గు ఒకేచోట కుప్ప పోస్తే మంట చస్తుంది. పలచగా, సమంగా, ఎక్కడ ఎర్రగా మండుతోందో చూసి అక్కడ చల్లాలి. బాయిలర్లో నీళ్లు ఎంతున్నాయో గాజు గొట్టంలో కనబడుతుంది. దాని మీద నుంచి చూపు తిప్పకూడదు. నీళ్లు తగ్గితే పొయ్యి పైకప్పు కాలిపోయి బాయిలరే పేలుతుంది. ఎక్కుడు రాకముందే మంట పెంచి ఆవిరి కూడబెట్టుకోవాలి. ఎక్కుతున్నప్పుడు పెంచుదామంటే ఆలస్యమైపోతుంది. "అన్నం వండడానికి చుట్టాలు వచ్చినాక బియ్యం కడుగుతామా?" అనేవాడు.

ఆయన చెప్పినవాటిలో పలకల మాట ఒకటే. మార్కాపురం రోడ్డులో పలకల పెట్టెలు ఎక్కించిన వ్యాగన్ ఉందంటే షంటింగు చాలా మెల్లగా చేయమని గార్డు చెప్పేవాడట. ఒక్క గుద్దు గుద్దితే లోపల పలకలన్నీ టపటపా పగులుతాయి. పైగా సరుకు దూరం పోవాలంటే ఒక రైలుతో అయిపోదు. మీటరు గేజి ముగిసి బ్రాడ్ గేజి మొదలయ్యే చోట కూలీలు ఆ పెట్టెలన్నీ దించి, పక్క వ్యాగన్లోకి మళ్లీ ఎక్కించాలి. ఎన్నిసార్లు చెయ్యి మారితే అన్ని పగుళ్లు. నా పలక మూల ఎగిరిపోయింది అట్లనేనేమో అని నేనంటే, "కాదులే, నువ్వు మీ చెల్లెలి నెత్తిన కొట్టినావు" అని నవ్వాడు.

టాలిలిన్‌లోనూ పెట్టెల కథలు ఉన్నాయి. ఆ లైనుకు మొదట రెండే ఇంజన్లు. మొదటిది 1864లో వచ్చింది, పేరు టాలిలిన్. నాలుగు చక్రాల మీద నడుస్తూ ఎగిరెగిరి పడేది. దాంతో తయారుచేసిన వాళ్ల దగ్గరికే పంపి వెనకాల ఇంకో జత చక్రాలు పెట్టించారు. రెండోది 1866లో వచ్చింది, పేరు డోల్గోక్. జనం ఎక్కే పెట్టెలు నాలుగు, గార్డు పెట్టె ఒకటి. స్టేషన్లలో టిక్కెట్లు ఇచ్చే మనిషి లేకపోతే గార్డే తన పెట్టెకున్న కిటికీలోంచి టిక్కెట్లు అమ్మేవాడు. ఇంకో తమాషా ఉంది. ప్రభుత్వ తనిఖీ అధికారి టైలర్ వచ్చి కొలిస్తే వంతెనల కింద పెట్టెకూ గోడకూ మధ్య చాలినంత సందు లేదు. ఎవరైనా తలుపు తీసుకుని దూకాల్సి వస్తే ఇరుక్కుపోతారు. వంతెనలు పడగొట్టి మళ్లీ కట్టడం కంపెనీ వల్ల కాదు. అందుకని వంతెన కింద పట్టాలను ఒక పక్కకు జరిపి, పెట్టెలకు రెండో వైపు తలుపులు లేకుండా చేశారు. ఇప్పటికీ ఆ రైలు ఎక్కేది, దిగేది ఒకవైపు నుంచే. ఇంట్లో గోడ తప్పు కట్టి బీరువాను పక్కకు జరుపుకున్నట్టు.

1911లో ఆ గనినీ, రైలునూ హేడన్ జోన్స్ అనే ఆయన కొన్నాడు. ఆ ప్రాంతానికి పార్లమెంటు సభ్యుడు. గనిలో లాభం లేదు, అయినా పనివాళ్ల కోసం నడిపాడు. 1946 డిసెంబరులో గని కూలిపోయి మూతపడింది. తాను బతికున్నంత కాలం రైలు నడుస్తుందని ఆయన మాటిచ్చాడు. అప్పటికి మొదటి ఇంజను షెడ్డులో పడుంది. డోల్గోక్ ఒక్కటే లాగుతోంది. పట్టాలను కొయ్యలు పట్టుకోవడం మానేశాయి, గడ్డి పట్టుకుంది అని చెప్పుకునేవాళ్లు. 1948లో బ్రిటన్ రైళ్లన్నీ ప్రభుత్వం తీసుకున్నప్పుడు ఈ చిన్న రైలు ఆ జాబితాలోకే రాలేదు. 1950 జులైలో ఆయన పోయాడు. మాట అక్కడితో తీరిపోయింది.

కానీ అదే ఏడాది అక్టోబరులో బర్మింగ్‌హామ్ నగరంలో టామ్ రోల్ట్ అనే రచయిత, ఆయన స్నేహితులు ఒక మీటింగు పెట్టారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది సెలవుల్లో ఆ రైలెక్కి ఇష్టపడ్డవాళ్లు. మనమే నడుపుదాం అనుకున్నారు. జీతం లేకుండా, ఆదివారాలు వచ్చి గడ్డి పీకి, పట్టాలు సరిచేసి, 1951 మే 14న మొదటి రైలు నడిపారు. లాగింది డోల్గోక్. ప్రపంచంలో ఒక రైలును ఇట్ల జనం స్వచ్ఛందంగా కాపాడుకుని నడపడం అదే మొదలు.

ఆ తేదీ చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. సరిగ్గా నెల ముందు, 1951 ఏప్రిల్ 14న, మన లైనున్న మద్రాస్ అండ్ సదరన్ మహరాటా రైల్వేను ఇంకో రెండింటితో కలిపి దక్షిణ రైల్వే చేశారు. అక్కడ కొద్దిమంది తమ చిన్న రైలును చేతుల్లోకి తీసుకున్న రోజుల్లోనే ఇక్కడ మన లైను ఒక మహాసముద్రంలో కలిసింది. రెండూ ఆ కాలానికి అవసరమే. కానీ దారులు వేరైపోయాయి.

వాళ్లకు ఇంజన్లు చాలలేదు. పక్క లోయలో కోరిస్ అనే ఇంకో పలకల రైలు 1948లో మూతపడి ఉంది. అదృష్టం కొద్దీ దాని పట్టాల వెడల్పూ ఇంతే. అక్కడ మిగిలిన రెండు ఇంజన్లను ఒక్కోటి 25 పౌండ్లకు కొన్నారు. ఒకదానికి ఆ మాట నిలబెట్టుకున్న హేడన్ జోన్స్ పేరు పెట్టారు. తీరా నడిపితే దాని చక్రాల అంచులు సన్నం, ఇక్కడి పట్టాలు సాగి ఎడమయ్యాయి. ఇంజను రెండు పట్టాల మధ్య నేల మీద పడేది. ముందు పట్టాలు బాగుచేసుకోక తప్పలేదు. మూలనపడ్డ మొదటి ఇంజను బాగై 1958లో మళ్లీ పట్టాలెక్కింది. ఆ పనికొచ్చిన వాళ్లలో ఆడ్రీ అనే చర్చి ఫాదరు ఒకాయన ఉన్నాడు. థామస్ కథలు రాసింది ఆయనే. ఆయన కథల్లో స్కార్లోయి అంటే టాలిలిన్, రెనియాస్ అంటే డోల్గోక్. అదీ మా వాడి ఫోన్లోని ఎర్ర ఇంజను కథ.

ఇదంతా మా పెద్దనాయనకు ఒకసారి చెప్పాను. అప్పటికి ఆయన మంచం మీద ఉన్నాడు. మన లైను మీటరు గేజి తీసేసి 1990ల్లో బ్రాడ్ గేజి చేశారు. నల్లమలలో దారి మారింది, దొరబావి వంతెన పక్కకు పడిపోయింది. ఆవిరి ఇంజన్లు అంతకుముందే పోయాయి. మనవాళ్లు కూడా ఒక్క ఇంజనైనా ఉంచుకుని నడిపి ఉంటే ఎంత బాగుండేది పెద్దనాయనా అన్నాను.

ఆయన నవ్వలేదు. "నీకు బాగుంటాది. ఎండాకాలం ఆ పొయ్యి ముందర నిలబడినోనికి తెలుస్తాది" అన్నాడు. చేతి మీద కాలిన మచ్చలు చూపించాడు. "పట్టాలు వెడల్పు కావాల్సిందే. దించి ఎక్కించే బాధ పోయింది. జనం నేరుగా పోతాండారు. అది మంచిదే."

కాసేపాగి మళ్లీ తనే అన్నాడు. "కానీ ఒక ఇంజను ఉండె. దాని ఈల వేరే. ఇంట్లో మీ పెద్దమ్మ ఆ ఈల విని అన్నం దించేది."

ఆ ఇంజను నంబరు ఏంది అని నేను అడగలేదు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని లేచిపోయాను. తర్వాత అడగొచ్చులే అనుకున్నాను. పోయినేడు ఆయన పోయారు.

ఇదీ నన్ను తొలుస్తున్న సంగతి. టాలిలిన్ వాళ్లకు ఆ నాలుగు పెట్టెలూ, గార్డు పెట్టే ఎవరు చేశారో, ఏ ఏడు ఏ చక్రం మార్చారో, అన్నీ తెలుసు. ఆ అయిదూ ఇప్పటికీ ఉన్నాయి. మా ఇంటి మనిషి ఎన్నో ఏళ్లు మంట పెట్టిన ఇంజను నంబరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంజన్లు కాపాడుకోవడం అందరి వల్లా కాదు. స్థలం కావాలి, డబ్బు కావాలి, అనుమతులు కావాలి. ఊటీ కొండ రైలు మన లైను లాగే మీటరు గేజి. 1899లో మొదలైంది. 2005లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చి నిలబడింది. అన్ని లైన్లకూ ఆ అదృష్టం పట్టదు. కానీ ఒక నంబరు అడిగి రాసిపెట్టుకోవడానికి ఏం కావాలి? ఒక నోటు పుస్తకం, ఒక అరగంట. పాలు పొంగితే పొంగనిమ్మని కూర్చునే మనసు.

అక్షరాభ్యాసం ముందు రోజు పలకను వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లాను. పాత చట్రం పుచ్చిపోయింది, మొత్తం మార్చాలన్నాడు. మారిస్తే ఇది నా పలకేనా అని ఒక్క క్షణం అనిపించింది. టాలిలిన్ ఇంజనుకు కూడా ఇన్నేళ్లలో ఎన్నో భాగాలు కొత్తవి వేశారు. దాన్ని ఎవరూ కొత్త ఇంజను అనరు. అదే పని చేస్తోంది కాబట్టి. సరే మార్చమన్నాను.

మర్నాడు పళ్లెంలో బియ్యం మీద అయ్యాక, పలక మీద వాడి చెయ్యి పట్టి ఓం నమః శివాయ దిద్దించారు. పూజ అయిపోగానే వాడు పలకను నా దగ్గరికి తెచ్చి రైలు గీయమన్నాడు. గీశాను. చక్రాలు ఎన్ని అన్నాడు. ఎనిమిది అన్నాను. అది మీ పెద్దతాత ఇంజను, పేరు వైజీ అన్నాను. నంబరు వేయాల్సిన చోట ఖాళీగా వదిలేశాను.

పెద్దనాయనతో పనిచేసిన ఇద్దరు ముగ్గురు ఇంకా నంద్యాలలోనే ఉన్నారట. వచ్చే ఆదివారం నాయన్ను తోడు తీసుకుని వాళ్లిళ్లకు పోతున్నాను, నోటు పుస్తకం పట్టుకుని. మీ ఇంట్లో రైల్వేలో చేసిన పెద్దవాళ్లుంటే, గనుల్లో, గిడ్డంగుల్లో, మిల్లుల్లో చేసినవాళ్లుంటే ఈ రోజే పక్కన కూర్చుని అడగండి. ఏ ఇంజను, ఏ బండి, ఏ మిషను అని పేరుతో సహా అడిగి రాసుకోండి. పొయ్యి ఆర్పేసి మరీ కూర్చోండి.